కళ్లు మూసుకుని నిలబడ్డ కిష్టవ్వ

కోరుట్ల బస్టాండు వెనక సందుల్లో ఉండేవాళ్లకు కిష్టవ్వ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. పొద్దున ఏడింటికల్లా షేరింగ్ ఆటో దిగుతుంది. నెత్తిన సుట్టబట్ట, దాని మీద పుంటికూర, పాలకూర, కొత్తిమీర కట్టలతో నిండిన గంప. ఆ గంపకు చెయ్యి తగలదు. చేతులకు వేరే పనులున్నాయి మరి! ఒక చెయ్యి పైకి పోయి, చూడకుండానే, అడిగిన కట్టను తీస్తుంది. రెండో చెయ్యి చిల్లర అందుకుంటుంది. నోరు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. వెనక నుంచి బైకువాడు హారన్ కొడితే నడుము ఇటు తప్పుకుంటుంది, గంప మాత్రం కదిలినట్టే ఉండదు.

"పదికి మూడు కట్టలియ్యవా?" అని ఎవరైనా అంటే, "ఇస్త బిడ్డా, గంప గూడ తీస్కో, నా నెత్తి గూడ తీస్కో" అంటుంది. అన్నాక మూడో కట్ట ఇస్తుంది. అంతే ఆమె కోపం.

కిష్టవ్వకు యాభై రెండేళ్లు. ఊరు కోరుట్లకు నాలుగు కిలోమీటర్లు. బోరు కింద పది గుంటల్లో ఆకుకూరలు వేస్తుంది, తానే కోస్తుంది, తానే అమ్ముతుంది. భర్త మొగిలి కల్లుగీత పనివాడు. ఒకప్పుడు తెల్లవారకముందే ముప్పై తాటిచెట్లు ఎక్కి దిగినవాడు. ఎనిమిదేళ్ల కిందట వానాకాలంలో తడిసిన చెట్టు మీద కాలు జారి కింద పడ్డాడు. తుంటి విరిగింది. నడుస్తాడో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. కిష్టవ్వ తిన్నగా పోచమ్మ గుడికి పోయి నిలబడింది. "తల్లీ, నా మొగడు లేసి కాళ్ల మీద నిలబడితె బతికినన్నొద్దులు నీసు ముట్ట" అని మొక్కింది.

పది నెలలకు మొగిలి లేచాడు. చేతికర్ర పట్టుకుని, కుంటుకుంటూనే కానీ, లేచాడు. కిష్టవ్వ మాట మాటే. మాంసం, చేపలు, ఆఖరికి కోడిగుడ్డు కూడా ముట్టలేదు. ఇంట్లో బర్రె పాలు డెయిరీకి పోసి, తాను నల్లచాయ్ తాగేది. మధ్యలో షుగర్ వచ్చింది. ఒకసారి రాసిచ్చిన చీటీ పట్టుకుని ఐదేళ్ల పాటు అవే గోలీలు తెచ్చుకుని మింగింది. మళ్లీ డాక్టరుకు చూపించుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఇక ఊరిలో ఆమెకున్న పెద్ద పేరు బోనం. పోచమ్మ పండుగకు ప్రతి ఇంటి నుంచీ బోనం వెళ్తుంది. అన్నిటికంటే ముందు నడిచేది ఊరి బోనం. కింద పెద్ద కుండ, పైన చిన్న కుండ, చుట్టూ వేపకొమ్మలు, ఆ పైన వెలిగే దీపం. గుడి దాకా కిలోమీటరు దూరం, చివర్లో రాళ్ల ఎత్తు. అందరూ ఒక చేత్తో కుండను పట్టుకుంటారు. కిష్టవ్వ పట్టుకోదు. ఇరవై ఏళ్లుగా ఆ బోనం ఆమెదే, ఒక్క ఏడు కూడా దీపం కొండెక్కలేదు.

పోయిన ఏడు పండుగ నాడు బోనం దించి, అమ్మవారి ముందు కాళ్లు దగ్గరికి చేర్చి, చేతులు జోడించి కళ్లు మూసుకుంది. అంతే, కింద నేల పడవలా కదిలింది. ఒళ్లు ముందుకు తూలింది, వెనక్కు వాలింది. పండుగ పెద్ద నర్సింగం ఎగిరి గంతేశాడు.

"అమ్మ అచ్చిందిరో! కొట్టుండ్రి డప్పులు, గట్టిగ కొట్టుండ్రి!"

డప్పులు హోరెత్తాయి. కిష్టవ్వ కళ్లు తెరిచింది, నేల ఆగింది. భయంతో మళ్లీ మూసుకుంది, మళ్లీ ఊగింది. ఆడవాళ్లు కాళ్ల మీద పసుపు నీళ్లు పోశారు. పక్కింటి లింగవ్వ ఏడుస్తూ పాదాల మీద పడింది. ఆమె కొడుకు శ్రవణ్ గల్ఫ్‌కు పోయి ఉన్నాడు, ఆరు నెలలుగా ఫోన్ లేదు.

"మా శ్రవణ్ యాడున్నడు తల్లీ? ఎప్పుడస్తడు?"

ఏం చెప్పాలి? కిష్టవ్వ నోటికి వచ్చింది ఒకటే. "అస్తడు... అస్తడు లే."

నాలుగో నాడు శ్రవణ్ ఫోన్ చేశాడు. ఇంకేముంది! ఊరికి అంతకంటే ఏం కావాలి? మంగళవారం వచ్చిందంటే కిష్టవ్వ వాకిట్లో కొబ్బరికాయలు. పెళ్లి కుదురుతుందా, బోరు పడుతుందా, వీసా వస్తుందా అని అడిగేవాళ్లు. నిన్నటి దాకా నల్లా దగ్గర బిందె కోసం ఆమెతో జుట్టూ జుట్టూ పట్టుకున్న లింగవ్వ, ఇప్పుడు "తల్లీ" అని పిలిచి పక్కకు తప్పుకునేది. పోట్లాడే మనిషి లేకపోతే ఎంత వెలితిగా ఉంటుందో కిష్టవ్వకు అప్పుడు తెలిసింది.

అయితే ఆమెకు లోపల ఒక సంగతి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా అరికాళ్లు మొద్దుబారుతున్నాయి. నడుస్తుంటే కాలికీ నేలకూ మధ్య ఎవరో గోనెసంచి పరిచినట్టుంది. తిమ్మిర్లు మోకాళ్ల దాకా పాకుతున్నాయి. ఒకనాడు మడి నుంచి ఇంటికి వచ్చేసరికి మొగిలి అడిగాడు, "ఏందే, ఒక్క చెప్పుతోని అచ్చినవ్? ఇంకోటేది?" ఆమె కిందికి చూసింది. నిజమే, ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడో బురదలో ఉండిపోయింది. కళ్లతో చూసేదాకా ఆ సంగతి కాలికి తెలియనే తెలియదు.

ఆ తర్వాత నీళ్ల గోలెం దగ్గర మొదలైంది. పొద్దున మొహానికి సబ్బు రుద్దుకుని కళ్లు మూయగానే ఒళ్లు తూలింది. గోలెం అంచు పట్టుకుని ఆగింది. మర్నాడూ అంతే. మూడో నాడూ అంతే. కిష్టవ్వ చదువుకోలేదు, కానీ బుర్ర లేనిది కాదు. తడి మొహంతోనే వచ్చి మొగిలి ముందు నిలబడింది.

"ఏమయ్యా, పోచమ్మ తల్లి మొఖం కడిగేటప్పుడు గూడ అస్తదా?"

మొగిలి పకపకా నవ్వాడు. "సబ్బు పెట్టుకుంటె అస్తదానే? ఎవరన్న ఇంటె నవ్వుతరు."

"అయితె సూడు" అని వాకిట్లో నడిమధ్యకు పోయి కాళ్లు దగ్గరపెట్టి కళ్లు మూసింది. డప్పుల్లేవు, పసుపు నీళ్లు లేవు, పోచమ్మ గుడి ఎక్కడో ఉంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతలో మొత్తానికి మొత్తం పక్కకు ఒరిగింది. మొగిలి కర్ర వదిలేసి ఎదురు వచ్చి పట్టుకున్నాడు. అతనికీ కాలు నిలవక ఇద్దరూ మట్టిలో కూలబడ్డారు.

"నేను మబ్బుల, చీకటుండంగనే చెట్టెక్కేటోణ్ణి" అన్నాడు మొగిలి మెల్లగా. "కండ్లకు ఏం కనబడకపోయేది. కాళ్లే సూసుకునేటియి. నీ కాళ్లు సూస్తలేవే కిష్టా."

"ఎవ్వలకు చెప్పకు."

"ఎందుకు చెప్పద్దు?"

ఆమె చీరకంటిన మట్టి దులుపుకుంది. కాళ్లు పోతే గంప పోతుంది. గంప పోతే ఇల్లెట్లా గడుస్తుంది? బోనం పోతుంది. ఇరవై ఏళ్లు ఊరి దీపాన్ని మోసిన మనిషి గోడ పట్టుకుని నడవాలి. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందేమోనని ఆమె భయం. పాపం, ఎంత గట్టి మనిషికైనా ఒక భయం ఉంటుంది కదా.

పది రోజులు గడిచాయి. కోరుట్ల కూరగాయల మార్కెట్లో ఎండలోంచి షెడ్డు లోపలికి అడుగుపెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కళ్లకు చీకటి కమ్మింది. ఒళ్లు ఎటు ఉందో ఆమెకు అర్థమయ్యేలోపే గంప నెత్తి మీద లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి గంప జారి నేలపాలైంది. పుంటికూర కాళ్ల కింద పడింది. కిష్టవ్వ కూడా పడింది, మోచెయ్యి గీరుకుని రక్తం కారింది. కిష్టవ్వ ఊరి ఆడమనిషి ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చింది. లేవదీయడానికి చెయ్యి ఇచ్చిందా? లేదు! రెండు చేతులూ జోడించింది. "అమ్మ అచ్చిందా తల్లీ?" అంది.

కింద పడ్డ మనిషికి దండం పెడతారా ఎవరైనా! కిష్టవ్వకు ఒళ్లు మండిపోయింది. "అమ్మ గాదు, నేను పడ్డ! లేపు నన్ను!" అని అరిచింది. ఆ సాయంత్రమే మొగిలితో అంది, "రేపు జగిత్యాల పోదాం."

జగిత్యాలలో నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టాడు. మోగే ఇనుప కడ్డీని చీలమండ మీద ఆనించి, "జుమ్మని తెలుస్తుందా?" అన్నాడు. ఏమీ తెలియలేదు. కళ్లు మూయించి బొటనవేలు పైకి లేపి, "పైకా, కిందికా?" అని అడిగాడు. "కిందికి" అంది కిష్టవ్వ ధీమాగా. పక్కనున్న మొగిలి మొహం చూసి తప్పు చెప్పానని తెలుసుకుంది. డాక్టరు రక్తపరీక్ష రాసి, వ్యాయామం నేర్పే వనిత దగ్గరికి పంపాడు. వనితకు ముప్పై ఏళ్లుంటాయేమో, ఓపికగల పిల్ల.

"అమ్మా, మీరు ఊరికె నిలబడ్డరనుకోండి. కదలకుండ ఉంటరా?"

"ఉండకేం?"

"ఉండరు. ఎవ్వరు ఉండరు." వనిత తాను నిలబడి, కిష్టవ్వ చేతిని తీసి తన పిక్క మీద పెట్టుకుంది. "పట్టుకుని సూడండి."

కిష్టవ్వ పట్టుకుంది. పైకి రాయిలా నిలబడి ఉన్న ఆ పిల్ల పిక్కలో కండ ఊరికే బిగుస్తోంది, వదులుతోంది, మళ్లీ బిగుస్తోంది. కిష్టవ్వ నోరు తెరిచింది. "ఇదేంది బిడ్డా, గింత పని చేస్తుందా?"

"ఎప్పుడు చేస్తనే ఉంటది. మనిషి నిలబడుడంటె రవ్వంత ముందటికి పడబోవుడు, పిక్క ఎనకకు గుంజుడు. మనకు తెల్వకుండనే నడుస్తది. మరి ఎప్పుడు గుంజాల్నో పిక్కకు ఎవరు చెప్పాలె? అరికాలు చెప్తది, బరువు యాడ పడుతుందో అని. కీళ్లు చెప్తయి. చెవి లోపల నీళ్ల గొట్టాలసొంటియి ఉంటయి, తల ఎటు తిరిగిందో, ఎటు వంగిందో అవి చెప్తయి. కండ్లు సరే సరి. ఈ కబుర్లన్ని మెదడుకు పోతయి. తల ఎనక చిన్న మెదడని ఉంటది, అది సరిచూసి కండలకు చెప్తది. మీ కాళ్ల కబురు వెన్నుల పైకి పోతలేదు. ఇప్పుడు కండ్లే మొత్తం మోస్తున్నయి. అవి గూడ మూస్తె?"

"చెవులున్నయి గద?"

"చెవులొక్కటే సాల్తలేవు."

కిష్టవ్వ తన పిక్కను తడుముకుంది. "అంటె ఇన్నేండ్లు గంప మోసింది నెత్తి గాదన్నట్టు."

"కాదు. కాళ్లు మోసినయి, వెన్ను మోసింది, మెదడు మోసింది. ఒకటి చెప్పనా అమ్మా? ఇట్లాంటి కాళ్లతోని వేరేటోళ్లైతే ఇంట్ల గోడలు పట్టుకుని నడుస్తుండిరి. మీరు ఇరవై కిలోలు నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగిండ్రు. నేను గిట్ల ఎక్కడ సూడలే."

పొగిడితే కిష్టవ్వకు సిగ్గు. కొంగు సర్దుకుని తలుపు వైపు చూసింది.

రక్తపరీక్ష వచ్చింది. బి-పన్నెండు అనే విటమిన్ అడుగంటింది. నరాలకు అదే తిండి. "నీసు తింటరా?" అని అడిగింది వనిత. మొగిలే మొక్కు సంగతి చెప్పాడు. ఆ విటమిన్ ఎక్కువగా మాంసంలో, గుడ్డులో, పాలలో ఉంటుందనీ, షుగర్ గోలీలు ఏళ్ల తరబడి వాడినా కొందరికి తగ్గుతుందనీ, ఈమెకు రెండూ కలిశాయనీ, ఇక ఆ విటమిన్‌ను సూదుల ద్వారా ఇస్తారనీ వనిత చెప్పింది. మొగిలి కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. కళ్లలోంచి నీళ్లు కర్ర మీదికి కారుతున్నాయి.

"నా కాళ్ల కోసం నీ కాళ్లు ఇచ్చినవానే?"

"ఊకోవయ్యా, నలుగురు సూస్తున్నరు. నీ కాళ్లు అచ్చినయి గద!" అంది కిష్టవ్వ. కసురుతూనే కొంగుతో అతని చెంపలు తుడిచింది. తర్వాత వనిత వైపు తిరిగి, "సూది మందు నీసు గాదు గద బిడ్డా?" అని అడిగింది. కాదని తెలిశాక ఊపిరి పీల్చుకుంది. మొక్కు మొక్కే, మందు మందే. ఆ పైన అసలు ప్రశ్న అడిగింది.

"పండుగ ఎనిమిది నెలలున్నది. బోనం ఎత్తుకుంటనా?"

వనిత అబద్ధం చెప్పలేదు. "చెప్పలేనమ్మా. కొందరికి మొత్తం అస్తది, కొందరికి సగమే. మందు నరాలకు మేము ఇస్తం. కాళ్లకు మళ్ల నేర్పేది మీరే. కండ్లు మూసుకుని ముప్పై లెక్కపెట్టేదాక నిలబడండి. గప్పుడు మాట్లాడుదాం."

ముప్పై! వాకిట్లో ఆమె నిలబడింది నాలుగు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కొత్త పని మొదలైంది. రెండు గోడలు కలిసే మూలలో కిష్టవ్వ నిలబడేది, పడినా గోడే పట్టుకునేలా. మొదట కళ్లు తెరిచి, తర్వాత మూసి, ఆ తర్వాత మడతపెట్టిన దుప్పటి మీద. వాకిట్లో ముగ్గుతో పొడుగ్గా గీత గీసుకుని మడమకు వేలు ఆనించి దాని మీద నడిచేది. మొగిలి మంచం మీద కూర్చుని లెక్కపెట్టేవాడు. నాలుగు, ఐదు, మళ్లీ నాలుగు. నెల రోజులకు ఏడు. "నువ్వు జల్ది జల్ది లెక్కపెడ్తున్నవ్" అని ఆమె, "నేను మెల్లగనే పెడ్తున్న, నువ్వే జల్ది పడుతున్నవ్" అని అతను. రెండో నెలలో తిమ్మిర్లు ఎక్కువై, రాత్రిళ్లు కాళ్లు మండి ఏడ్చింది. గంపను పక్కన పెట్టి తోపుడుబండి మీద కూర అమ్మింది. ఆ బండి నెట్టుకుంటూ కోరుట్ల సందుల్లో పోతుంటే ఆమె తలెత్తి ఎవరినీ చూడలేదు.

మంగళవారాలు కొబ్బరికాయలు వస్తూనే ఉన్నాయి. "అమ్మ గాదు, నరాల బీమారి. సూదులేపిచ్చుకుంటున్న" అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. ఎవరు వింటారు! తల్లి ఎంత అణకువగా మాట్లాడుతోందో అనుకుని ఇంకో కాయ కొట్టిపోయేవాళ్లు. నర్సింగం మాత్రం కోపానికి వచ్చాడు. "అమ్మను పట్టుకుని బీమారి అంటవా? నోరు కడుక్కో!" లింగవ్వకైతే ఏడుపే వచ్చింది. "మరి మా శ్రవణ్ ఫోన్ చేసిండు గద?"

"ఆడు చేసిండు చెల్లే. నేను చేపియ్యలే."

లింగవ్వ నమ్మలేదు. నమ్మితే తన ధైర్యం పోతుంది, ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున కిష్టవ్వ వాకిలి ఊడుస్తూ, "అబ్బా!" అని కేక పెట్టింది. మొగిలి ఉలిక్కిపడి లేచాడు. ఆమె ఒంటికాలి మీద నిలబడి, గుంజ పట్టుకుని, అరికాలి కింద ఉన్నదాన్ని చేత్తో తీసి చూపించింది. మొక్కజొన్నలు ఎండబోసినప్పుడు రాలిన మక్కగింజ.

"గుచ్చుకున్నదయ్యా! కాలికి తెలిసింది!"

మక్కగింజ గుచ్చుకున్నందుకు అంత సంతోషపడ్డ మనిషిని మొగిలి ఎన్నడూ చూడలేదు. ఆ గింజను తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది. నవ్వితే నవ్వండి, అది ఇప్పటికీ అక్కడే ఉంది.

పండుగ నాలుగు రోజులుందనగా లెక్క ఇరవై ఆరుకు వచ్చింది. అక్కడే ఆగిపోయింది. జగిత్యాల పోతే వనిత నడిపించి చూసి, ముప్పై నిండకపోయినా ఫర్వాలేదు, బోనం ఎత్తుకోమంది. "కాని రాళ్ల కాడ చెయ్యి ఏసి పట్టుకోవాలె. ఒట్టెయ్యండి" అంది. ఇరవై ఏళ్ల పేరు! కిష్టవ్వ చాలాసేపు పెదవి కొరుక్కుంది. చివరికి ఒట్టేసింది.

పండుగ వచ్చింది. కిష్టవ్వ పసుపు చీర కట్టి ఊరి బోనం ఎత్తుకుంది. దారి పొడుగునా చేతులు వదిలే నడిచింది. కళ్లు ముందున్న నేలను చూస్తున్నాయి, కాళ్లు తమ వంతు కబురు తాము పంపుతున్నాయి. రాళ్ల ఎత్తు దగ్గర ఒక్క క్షణం ఆగి, చెయ్యి పైకెత్తి కుండను పట్టుకుంది. జనంలో గుసగుస లేచింది. లేస్తే లేవనీ. కింద పడ్డ రోజు ఆ గుసగుసలు లేపలేదు కదా ఆమెను! దీపం వెలుగుతూనే గుడి చేరింది.

బోనం దించింది. ఇక అందరూ ఎదురుచూసేది దానికే. నర్సింగం చెయ్యి ఎత్తాడు, డప్పులవాళ్లు వేడి చేసిన డప్పులు అందుకున్నారు. పోయిన ఏడు ఏం చూశారో అది మళ్లీ చూడాలని ఊరు ఊరంతా మెడలు చాచింది. లింగవ్వ అందరికంటే ముందుంది. కిష్టవ్వ అమ్మవారి ముందు కాళ్లు దగ్గరికి చేర్చింది. చేతులు జోడించింది. కళ్లు మూసుకుంది.

ఒకటి. రెండు.

డప్పులు చెవుల్లో మోగుతున్నాయి. ఒళ్లు రవ్వంత ముందుకు వాలింది. పిక్క వెనక్కు గుంజింది. ఇది అందరికీ ఉండేదే, నిలబడ్డ మనుషులందరికీ ఉండేదే. పదకొండు, పన్నెండు. అరికాళ్ల కింద పసుపు నీళ్ల చల్లదనం తెలిసింది. కుడి మడమ కింద చిన్న రాయి ఉంది, అదీ తెలిసింది. ఇరవై ఆరు దగ్గర నడుము తడబడింది. కాలి వేళ్లు నేలను గట్టిగా పట్టుకున్నాయి. జనం మధ్యలో మొగిలి పెదవులు కదుపుతున్నాడని ఆమెకు తెలుసు. ఇరవై తొమ్మిది. ముప్పై. ఆమె కళ్లు తెరవలేదు. ఇంకాసేపు నిలబడింది, ఊరికే, ఆశగా, తనివితీరా.

డప్పులు ఒక్కొక్కటిగా నెమ్మదించాయి. "ఈ ఏడు అమ్మ రాలే" అన్నాడు నర్సింగం నీరసంగా. జనం సడలిపోయి కొబ్బరికాయల వైపు కదిలారు. మొగిలి మాత్రం కర్ర పట్టుకుని నిలబడ్డచోటే ఏడుస్తున్నాడు.

కిష్టవ్వ కళ్లు తెరిచేసరికి ఎదురుగా లింగవ్వ. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కుతోంది. ఏడాది తర్వాత మొదటిసారి పాత పిలుపు పిలిచింది.

"అక్కా, అమ్మ నిన్నిడిచిపెట్టి పోయిందా?"

కిష్టవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిచ్చిదానా, యాడికి పోతది? పోయిన ఏడు నేను పడిపోతుంటె అమ్మ అచ్చిందన్నరు. గియ్యాల నిలబడ్డ. గియ్యాలనే అచ్చింది."